రొమ్ములు ఎత్తి కుట్టే ఆపరేషన్ – సైజు పెరుగుతుందా, తగ్గుతుందా?



మనం ఇంట్లో గాని, స్త్రీల కూటంలో గాని పైకి మాట్లాడుకోని ఒక విషయం గురించి ఈసారి రాస్తున్నాను. ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెబుతాను.

ముప్పై అయిదేళ్ల ఒక తల్లి ఒకరోజు ఓ.పి. అయిపోయాక నా గదికి వచ్చింది. ఇద్దరు పిల్లలు. "సిస్టరమ్మ గారూ, రెండో కాన్పు తరువాత రొమ్ములు బాగా జారిపోయాయి. ఎత్తి కుట్టే ఆపరేషన్ ఉందట గదా, చేయించుకుంటే మళ్లీ మునుపటిలా నిండుగా అవుతాయా?" అని తల వంచుకుని అడిగింది. ఆ రోజు నేను ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, ఇదేం కోరికమ్మా? దేవుడిచ్చిన ఆరోగ్యానికి కృతజ్ఞత చెల్లించుకో" అని మందలించి పంపాను.

కొన్ని నెలల తరువాత ఆమె మళ్లీ వచ్చింది. గాజులు తాకట్టు పెట్టి, పుట్టింటికని చెప్పి, సిటీలో ఆపరేషన్ చేయించుకుందట. అప్పటికి నాలుగు నెలలైంది. "మొదటి నెల నిండుగానే ఉన్నాయమ్మా. తరువాత రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. పాత బ్రాలు వదులైపోయాయి. లోపలిది కోసి తీసేశారేమో, మోసపోయానేమో" అని ఏడ్చింది. మన డాక్టరమ్మ గారు పరీక్ష చేశారు. గాయాలు చక్కగా మానాయి. ఆపరేషన్‌లో ఏ తప్పూ జరగలేదు. ఆ ఆపరేషన్ ఏం చేస్తుందో, ఏం చేయదో ఆమెకు ముందుగా ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. చెప్పనివారిలో నేనూ ఒకదాన్ని. ఆమె అనుమతితోనే, పేరు, ఊరు లేకుండా ఇది రాస్తున్నాను.

రొమ్ములు ఎందుకు జారతాయి?

రొమ్ములో కండరం ఉండదు. పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని నార పోగులు ఉంటాయి. ఈ పోగులను సర్ ఆస్ట్లీ కూపర్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు 1840లో తన గ్రంథంలో వర్ణించాడు. అందుకే నేటికీ వాటిని కూపర్ లిగమెంట్లు అంటారు. గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు పెరుగుతాయి, చర్మం సాగుతుంది. కాన్పు తరువాత, పాలు మానిపించిన తరువాత లోపలిది తగ్గుతుంది గాని, సాగిన చర్మం, పోగులు పూర్తిగా వెనక్కి రావు. ఎక్కువ బరువు తగ్గినవారికీ, వయసు మళ్లినవారికీ ఇదే జరుగుతుంది.

పాలివ్వడం వల్లనే జారతాయన్న మాట మన పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ వినిపిస్తుంది. అది నమ్మి బిడ్డకు డబ్బా పాలు పట్టేవారున్నారు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం ప్లాస్టిక్ సర్జన్లు 93 మంది తల్లులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పాలివ్వడం వల్ల జారడం ఎక్కువైనట్టు కనిపించలేదు. వయసు, శరీరపు బరువు, కాన్పుల సంఖ్య, మొదటి నుంచి రొమ్ములు పెద్దవిగా ఉండడం, పొగ తాగడం – వీటితోనే సంబంధం కనిపించింది. కాబట్టి తల్లులారా, ఈ భయంతో బిడ్డకు పాలు మాన్పించవద్దు.

నూనెలతో మర్దనా చేస్తేనో, క్రీములు రాస్తేనో జారినవి పైకి రావు. వ్యాయామం చేస్తే రొమ్ము వెనకనున్న ఛాతీ కండరం బలపడుతుంది, అది మంచిదే. కాని సాగిన చర్మం బిగుసుకోదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

దీన్ని వైద్యులు మాస్టోపెక్సీ అనీ, వాడుకలో బ్రెస్ట్ లిఫ్ట్ అనీ అంటారు. మత్తు ఇచ్చి, ఎక్కువైన చర్మాన్ని కోసి తీసివేస్తారు. లోపలి గ్రంథిని, కొవ్వును పైకి తెచ్చి కుట్లు వేసి నిలబెడతారు. చనుమొనను, దాని చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని పైకి జరుపుతారు. రొమ్ము కింది మడతకు చనుమొన ఎంత కిందికి దిగిందన్నదాన్ని బట్టి జారుడును మూడు దశలుగా లెక్కిస్తారు. తక్కువ జారితే వలయం చుట్టూ మాత్రమే కోత ఉంటుంది. ఇంకొంచెం జారితే వలయం నుంచి కిందికి నిలువుగా మరో గీత ఉంటుంది. బాగా జారితే కింది మడత వెంబడి అడ్డంగా కూడా కోస్తారు. మచ్చలు కాలక్రమంలో పలచబడతాయి గాని పూర్తిగా పోవు.

మరి సైజు సంగతి?

అసలు ప్రశ్న ఇదే. దీనికి ఇంట్లో వస్తువుతో పోలిక చెబుతాను. సగమే నిండిన బియ్యం సంచి గోడకు ఆనించి ఉంటే, బియ్యమంతా అడుగుకు జారి, పైభాగం వాలిపోయి కనిపిస్తుంది. ఎక్కువైన గుడ్డను కత్తిరించి, బియ్యాన్ని పైకి అదిమి గట్టిగా కుట్టామనుకోండి. సంచి నిలబడుతుంది, గుండ్రంగా కనిపిస్తుంది. కాని బియ్యం ఒక్క గింజ కూడా పెరగలేదు. బ్రెస్ట్ లిఫ్ట్ పని కూడా అంతే. అది రొమ్ము ఆకారాన్నీ, స్థానాన్నీ మారుస్తుంది. పరిమాణాన్ని పెంచదు.

అలాగైతే చిన్నవైనట్టు ఎందుకు కనిపిస్తాయి? కారణాలు ఇవి:

1. కిందికి వేలాడే భాగం పొడవుగా, వెడల్పుగా పరచుకుని ఉంటుంది. దాన్ని దగ్గరకు తెచ్చి కుడితే తక్కువ చోటులో ఇముడుతుంది.

2. తీసివేసిన చర్మానికి కూడా కొంత పరిమాణం ఉంటుంది. రెండు వైపులా సమానం చేయడానికి ఒక్కోసారి లోపలి నుంచి కూడా కొద్దిగా తీస్తారు.

3. ఆపరేషన్ అయిన కొత్తలో వాపు వల్ల పెద్దవిగా, పైభాగం ఎత్తుగా కనిపిస్తాయి. వారాలు గడిచేకొద్దీ వాపు తీస్తుంది. తరువాత కొన్ని నెలల్లో రొమ్ము కొంచెం కిందికి సర్దుకుంటుంది. అసలు రూపం తేలడానికి ఆరు నెలల నుంచి సంవత్సరం పట్టవచ్చు. మన సహోదరి "తగ్గిపోతున్నాయి" అనుకున్నది ఈ వాపు తీయడమే.

బ్రా కొలత విషయానికి వస్తే, 34, 36 అన్న అంకె రొమ్ము కింద ఛాతీ చుట్టుకొలతను బట్టి వస్తుంది. ఆపరేషన్ దాన్ని మార్చదు. ఎ, బి, సి, డి అన్న అక్షరం కప్పుది. అది కొందరికి అలాగే ఉంటుంది, కొందరికి ఒక అక్షరం తగ్గుతుంది. కాబట్టి వాపు పూర్తిగా తీసేవరకు కొత్త బ్రాలు, కొత్త జాకెట్లు ఎక్కువగా కొనవద్దు, కుట్టించవద్దు.

పెద్దవి కావాలంటే, చిన్నవి కావాలంటే?

పైభాగం నిండుగా కావాలనుకునేవారికి లిఫ్ట్‌తో పాటు సిలికాన్ ఇంప్లాంట్ గాని, వారి శరీరంలోని కొవ్వే తీసి ఎక్కించడం గాని చేస్తారు. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. చుట్టూ గట్టిపడవచ్చు, పగలవచ్చు, కొన్నేళ్లకు మార్చవలసి రావచ్చు. ఆ బరువుకు రొమ్ము మళ్లీ జారవచ్చు కూడా.

రొమ్ములు మరీ బరువై మెడనొప్పి, భుజాల నొప్పి, కింది మడతలో ఒరుపు, పుండ్లు ఉన్నవారికి కావలసింది లిఫ్ట్ కాదు, తగ్గించే ఆపరేషన్. అందులో లోపలి గ్రంథిని, కొవ్వును తీస్తారు, దానితో పాటు పైకి ఎత్తుతారు కూడా. ఉత్త లిఫ్ట్ బరువును పెద్దగా తగ్గించదు గనుక ఆ నొప్పులకు అది మందు కాదు. ఈ మూడింటికీ తేడా తెలియక ఒకటి కోరి మరొకటి చేయించుకుంటే మిగిలేది బాధే.

రొమ్ము క్యాన్సర్‌కు ఒకవైపు ఆపరేషన్ జరిగినవారికి, రెండు వైపులా సమానంగా కనిపించడానికి రెండో రొమ్ముకు లిఫ్ట్ చేయడం కూడా ఉంది. దీన్ని ఎవరూ సోకు అనుకోకూడదు. చికిత్సలో అది కూడా ఒక భాగమే.

ఆపరేషన్ తరువాత మళ్లీ మారుతుందా?

మారుతుంది. బరువు పెరిగితే రొమ్ములూ పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. మళ్లీ గర్భం వస్తే చర్మం మళ్లీ సాగుతుంది. కాబట్టి ఇంకా పిల్లలు కావాలనుకునేవారు, బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారు ఆగడం మంచిది. ఆపరేషన్ తరువాత కొందరికి పాలివ్వడం కష్టం కావచ్చు. చనుమొన దగ్గర స్పర్శ తగ్గవచ్చు. రక్తస్రావం, చీము, గాయం ఆలస్యంగా మానడం, రెండు వైపులా కొద్ది తేడా ఉండడం కూడా జరగవచ్చు. షుగర్ అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మచ్చలు ఉబ్బి కీలాయిడ్ అయ్యే ఒంటితత్వం ఉంటే ముందే చెప్పాలి. కొన్ని వారాలపాటు నీళ్ల బిందెలు మోయడం, పిల్లలను ఎత్తుకోవడం, పొలం పని కుదరదు. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో ముందే చూసుకోవాలి.

సంతకం పెట్టే ముందు అడగవలసినవి

1. నాకు చేసేది లిఫ్టా, తగ్గించడమా, ఇంప్లాంటుతో కలిపా? తెలుగులో చెప్పండి.

2. లోపలి నుంచి ఏమైనా తీస్తారా? కప్పు ఎంత తగ్గవచ్చు?

3. కోతలు ఎక్కడ ఉంటాయి? మచ్చలు ఎలా ఉంటాయి?

4. చేసే డాక్టరు గారు ఎం.సి.హెచ్. వంటి ప్లాస్టిక్ సర్జరీ చదువు చదివినవారేనా? మత్తు డాక్టరు, ఐ.సి.యు. ఉన్నాయా?

5. మొత్తం ఖర్చెంత? అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వర్తించవు. సాధారణంగా ఇన్సూరెన్సు కూడా ఇవ్వదు.

ఆపరేషన్‌కు ముందు రొమ్ములో గడ్డలేవీ లేవని పరీక్ష చేయించుకోవాలి. 40 దాటినవారు మామోగ్రామ్ తీయించుకోవాలి. ఆ తరువాత ఎప్పుడు మామోగ్రామ్ తీయించినా, లిఫ్ట్ జరిగిందని అక్కడివారికి చెప్పాలి. లోపలి కుట్ల మచ్చలు ఫిల్ములో కనిపిస్తాయి.

ఇది జారుడు కాదు, జాగ్రత్త

వయసుతో వచ్చే మార్పు సాధారణంగా రెండు వైపులా, మెల్లగా వస్తుంది. ఒక్క వైపే సైజు మారినా, ఒక చనుమొన లోపలికి లాగుకుపోయినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, గడ్డ తగిలినా, నెత్తురు కారినా "జారింది లే" అని ఊరుకోవద్దు. నొప్పి లేదు గదా అని ఆగవద్దు. ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

చివరిగా ఒక మాట

ఈ ఆపరేషన్ మన ఆసుపత్రిలో చేయరు. చేయించుకోమనీ, వద్దనీ నేను చెప్పడం లేదు. జారడం రోగం కాదు. భర్తలకు నా మనవి, మీ పిల్లలను మోసి, పాలిచ్చి పెంచిన శరీరాన్ని వెక్కిరించకండి. నవ్వులాటకు అన్న మాట ఒక ఇల్లాలిని గాజులు తాకట్టు పెట్టేదాకా తీసుకెళ్తుంది.

ఆ సహోదరికి బియ్యం సంచి పోలిక చెప్పి, బ్రా కొలత ఎలా చూసుకోవాలో చూపించాను. కళ్లు తుడుచుకుని, "ఈ మాట ఆ రోజే చెప్పుంటే, చేయించుకునేదాన్నో లేదో గాని, ఇన్నాళ్లు ఏడ్చేదాన్ని మాత్రం కాదమ్మా" అంది. నిజమే. నేను ఆమెను క్షమించమని అడిగాను.

అప్పటి నుంచి మా నర్సులందరికీ ఒకటే చెబుతున్నాను. సిగ్గుపడుతూ వచ్చిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పండి, సలహా తరువాత. స్త్రీల ఓ.పి.లో తలుపు వేసి మాట్లాడే ఏర్పాటు ఉంది. మీ మనసులో ఏ ప్రశ్న ఉన్నా రండి, అడగండి. ఈసారి మందలించను.

ప్రభువు మిమ్మల్నీ, మీ కుటుంబాలనూ ఆయురారోగ్యాలతో కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్