కష్టం కొడుకుది... కోత తండ్రి పేరున!

గుంటూరు: సత్తెనపల్లి దగ్గర ఓ పల్లెలో కుట్టుమిషను మీద సంసారం నెట్టుకొస్తున్న పెద్దాయనకు ఒక సాయంత్రం సెల్‌ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పక్కింటి కుర్రాడు చదివి చెప్పాడు.

‘‘బాబాయ్, నీ పాన్ నంబరు మీద మూడు నెలలకు 3,600 రూపాయలు ఆదాయపు పన్ను కోశారంట!’’

పెద్దాయన నవ్వేశాడు. జాకెట్లు కుట్టుకునేవాడికి ఆదాయపు పన్నేమిటని. ఇంటావిడ మాత్రం నవ్వలేదు. ‘‘అయితే మన బియ్యం కార్డు ఉంటుందా, పోతుందా అబ్బాయ్?’’ అనడిగింది. ఆమె భయం ఊరికే పుట్టలేదు. రాష్ట్రంలో 2019లో ఆ కార్డులకు పెట్టిన షరతుల్లో, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదన్నది ఒకటి.

ఇంతకీ తీగ లాగితే డొంక బ్రాడీపేటలో అద్దె గదిలో కదిలింది.

కొడుకు గుంటూరులో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. పగలు కాలేజీ, రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు వీడియో ఎడిటింగు. మొదట్లో పెళ్లి వీడియోలు చేసేవాడు. 2024 ఏప్రిల్ నుంచి హైదరాబాదు కంపెనీ ఒకటి ప్రకటనల పని అప్పగించింది. నెలకు 12,000 రూపాయలు. డబ్బు పంపడానికి పాన్ నంబరు కావాలన్నారు. కుర్రవాడికి లేదు. బ్యాంకు అప్పు కోసం తండ్రి ఎప్పుడో తీసుకున్న కార్డు ఉంది. ఆ నంబరు, ఆయన ఖాతా వివరాలు రాసి పంపేశాడు. పని జరిగిపోయింది.

నెలనెలా ఖాతాలో పడింది మాత్రం 10,800. తక్కిన 1,200 కంపెనీవారి కమిషను కాబోలనుకున్నాడట! చదువుకున్న కుర్రవాడు ఏడాదిపాటు ఒక్కసారైనా అడగకపోవడం విడ్డూరమే. అడిగితే ఉన్న పని కూడా పోతుందన్న జంకు ఒకటి ఉంటుందనుకోండి.

కోత సంగతి ఇదీ. వృత్తిపరమైన సేవలకిచ్చే ప్రతిఫలం ఏడాదిలో ఒక పరిమితి దాటితే, ఇచ్చేవారే పది శాతం పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. ఆ పరిమితి 30 వేలుండేది. 2025 ఏప్రిల్ నుంచి 50 వేలు చేశారు. పాన్ ఇవ్వకపోతే కోత పది కాదు, ఇరవై శాతం. ఇలా పట్టుకున్నంత మాత్రాన అంత పన్ను బాకీ ఉన్నట్టు కాదు. ఇది ముందుగా తీసి ఉంచే సొమ్ము. అసలు లెక్క ఏడాది ముగిశాక రిటర్నులో తేలుతుంది.

కుర్రవాడి లెక్కే చూడండి. 2024-25లో మొత్తం సంపాదన 1,44,000. కొత్త పద్ధతిలో ఆ ఏడాది మూడు లక్షల దాకా పన్నే లేదు. (2025-26కు దాన్ని నాలుగు లక్షలు చేశారు. రిబేటు కలుపుకుంటే ఇలాంటి సంపాదన 12 లక్షల దాకా ఉన్నా పన్ను పడదు.) అంటే కోసిన 14,400 రూపాయల్లో పైసా కూడా సర్కారుకు చెందదు. కానీ అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. రిటర్ను వేసి అడగాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. సొమ్ము జమైంది తండ్రి పేరున. తండ్రి రిటర్ను వేసి వాపసు తెచ్చుకుంటే సరిపోదా అని గదిలో మిత్రులు సలహా ఇచ్చారు. అరండల్‌పేటలో ఒక ఆడిటరు దగ్గరకు వెళితే ఆయన కేకలేశాడు. ‘‘వీడియోలు చేసింది మీ నాన్నగారా? చెయ్యని పనికి ఆయన రాబడి చూపిస్తే, రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతారయ్యా?’’

మార్గం కూడా ఆయనే చెప్పాడు. ముందు కుర్రవాడు సొంతంగా పాన్ తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండి, ఆధార్‌కు ఫోను నంబరు జతపడి ఉంటే ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో అది ఉచితంగా, నిమిషాల్లో వచ్చేస్తుంది. దీనికోసమేనా ఇంత రగడ అనిపిస్తుంది! తర్వాత ‘ఈ రాబడి నాది కాదు, మా అబ్బాయిది’ అని తండ్రి కంపెనీకి రాసివ్వాలి. దాన్నిబట్టి కంపెనీ, తాను దాఖలు చేసిన కోతల లెక్కను సవరించి కొడుకు నంబరుకు మార్చాలి. నిబంధనల్లో ఇందుకు వీలుంది. కంపెనీ అకౌంట్స్ గుమాస్తా మొదట కుదరదన్నాడు, తర్వాత చూస్తామన్నాడు. ఎనిమిది ఫోన్లు చేశాక, 2025 ఆగస్టులో సవరణ పంపాడు. తండ్రి ఖాతాలో కోత తుడిచిపెట్టుకుపోయింది. కొడుకు 26ఏఎస్ పత్రంలో 14,400 కనిపించింది.

ఆ ఏడాది రిటర్ను గడువును సెప్టెంబరు 16 దాకా పొడిగించడం అతనికి కలిసొచ్చింది. గడువు దాటితే డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. ఆ తేదీ కూడా దాటితే మటుకు వాపసు అడగడం చాలా కష్టం. తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నులో పన్ను కట్టవచ్చుగానీ, కోత సొమ్ము తిరిగి ఇమ్మనడానికి లేదు. ఇంకో మాట: రిటర్ను వేసి ఊరుకుంటే చాలదు. 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనో, మరో విధంగానో ధ్రువపరచాలి. ఈ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయేవారు తక్కువ కాదంటాడు ఆడిటరు.

జీఎస్టీ నంబరు లేదా అని దబాయించే కంపెనీలూ ఉన్నాయి. సేవలమీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనివారికి సాధారణంగా ఆ అవసరం లేదు. చదువుకోసం వచ్చే స్కాలర్‌షిప్పు మీద పన్ను లేదు. ఇంటర్ చదివే పిల్లవాడు సొంత నైపుణ్యంతో సంపాదించినా అది తండ్రి ఆదాయంలో కలవదు, పిల్లవాడిదే అవుతుంది.

అక్టోబరులో కుర్రవాడి ఖాతాలో 14,904 రూపాయలు పడ్డాయి. పైనున్న 504 వడ్డీ. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తల్లి కార్డు తీసి చూపించింది. కార్డు ఉంది. డబ్బు ఎంతొచ్చిందని మాత్రం ఆవిడ అడగలేదు.

బ్రాడీపేట గదిలో అతని పక్క మంచం కుర్రవాడు బొమ్మలు గీసి పంపుతుంటాడు. అతని డబ్బు ఇప్పటికీ బావ ఖాతాలోనే పడుతోంది.