గొలుసు కవచము: దాని పని, దాని వెల

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకు కర్ణుని కథను నాటకముగా ప్రదర్శింప నిశ్చయించితిమి. ఇంద్రుడు విప్రవేషమున వచ్చి యాచింపగా కర్ణుడు తన సహజ కవచమును ఒలిచి యిచ్చు ఘట్టమే ఆ నాటకమునకు ప్రాణము. వేషసామగ్రి అద్దెకిచ్చు ఒక దుకాణము నుండి తెచ్చిన కవచము అట్టతో చేసి బంగారు రంగు పూసినది. రెండవనాటి అభ్యాసముననే అది భుజము కడ విరిగిపోయెను. చూచుచున్న చిన్న తరగతుల పిల్లలు పకపక నవ్విరి. అప్పుడు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, "నిజమైన కవచము ఎట్లుండును? మనము చేసికొనలేమా?" అని మమ్మడిగెను. ఆ ప్రశ్నకు మేము కనుగొన్న సమాధానమే ఈ వ్యాసము. ఆ పనిలో మేము చేసిన పొరపాటొకటి కూడ ఇందు గలదు. తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక.

ముందుగా మాటలు తెలిసికొందము. కవచము సంస్కృతపదము. అచ్చ తెలుగున దీనిని మైమరువు అందురు. మై అనగా శరీరము. దానిని మరుగుపరచునది మైమరువు. జోడు అనియు పూర్వులు వాడిరి. నేడు జోడనగా మనకు చెప్పులే తోచును. తలకు పెట్టుకొనునది శిరస్త్రాణము, చేతపట్టునది డాలు లేక కేడెము. వస్తువు కంటికి దూరమైనచో దాని పేరును నోటికి దూరమగును. వస్తువును మరల చేత పట్టినప్పుడు పేరును మరల వచ్చును. పరభాషాప్రాంతమున తెలుగు చదువుకొను మన పిల్లలకు ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు.

కవచములు ముఖ్యముగా మూడు విధములు. దూది పెట్టి దట్టముగ కుట్టిన అంగీ మొదటిది. లోహపు రేకులను శరీరపు ఆకృతికి సాగగొట్టి చేసినది రెండవది. చిన్న చిన్న వలయములను ఒకదానిలో నొకటి దూర్చి వస్త్రమువలె అల్లినది మూడవది. ఇదియే గొలుసు కవచము. మన దేశమున గొలుసు అల్లికకు రేకులను చేర్చి రెండింటి గుణములును గల కవచములు కూడ చేసిరి. ఇనుప వలయములతో ఇత్తడి వలయములను కలిపి, రంగుల తేడాతో బొమ్మలు తేలునట్లు అల్లిన పనితనము కూడ కలదు. నదుల సంగమమును తలపించు ఆ రెండు రంగుల పనికి గంగా జమునా అని పేరు.

ఇవి చూడగోరు వారు దూరము పోనక్కరలేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాల 1851లో స్థాపింపబడినది. తంజావూరు రాజుల ఆయుధశాల నుండి వచ్చిన ఆయుధములు అచ్చట గలవు. మన జార్జి టౌనుకు ఆనుకొనియున్న సెయింట్ జార్జి కోటలో 1948లో తెరచిన ప్రదర్శనశాల వేరొకటి కలదు. సెలవులకు హైదరాబాదు పోవువారు సాలార్ జంగ్ ప్రదర్శనశాలలో గొలుసు కవచములను చూడవచ్చును.

మనుష్యులకే కాదు, ఏనుగులకును కవచములు తొడిగెడివారు. ఇంగ్లండులోని లీడ్సు నగరమున, రాజ ఆయుధశాలలో అట్టిదొకటి కలదు. నేడు దానిలో మిగిలినవి 5,840 రేకులు. వాటి బరువు 118 కిలోలు. రేకుల నడుమ గొలుసు అల్లికయే సంధులను కలుపుచున్నది. 1798 మొదలు 1803 వరకు మన చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండిన క్లైవు ప్రభువు భార్య దానిని మన దేశమున సంపాదించి తమ దేశమునకు చేర్చినట్లు తెలియుచున్నది.

ఇక పని సంగతి. మేము మొదట భయపడితిమి. కాని గొలుసు కవచమునకు కొలిమి అక్కరలేదు. కావలసినవి తీగ, ఒక కడ్డీ, రెండు పట్టకారులు, ఒక కోత పట్టకారు, వీటన్నిటికంటె ఎక్కువగా ఓర్పు. లింగి చెట్టి వీథి పరిసరములలోని ఇనుపసామాను దుకాణములలో ఇవన్నియు దొరకినవి. బరువు తగ్గుటకై మేము 1.6 మిల్లీమీటర్ల మందముగల అల్యూమినియపు తీగను తీసికొంటిమి. 8 మిల్లీమీటర్ల కడ్డీకి ఆ తీగను ఎడము లేకుండ బిగువుగ చుట్టి, ఆ చుట్టను కడ్డీనుండి తీసి, ఒక ప్రక్కగా వరుసన కత్తిరించినచో వలయములు రాలును. కత్తిరించునప్పుడు ముక్కలు ఎగిరి కంట పడవచ్చును గాన కంటికి అద్దములు పెట్టుకొనకుండ ఎవ్వరును ఆ పనికి పూనరాదు.

వలయమును తెరచునప్పుడు కొనలను ఎడమ కుడులకు లాగరాదు. అట్లు చేసిన దాని గుండ్రదనము చెడును. ఒక కొనను ముందుకును, రెండవ కొనను వెనుకకును త్రిప్పి తెరువవలెను. అట్లే త్రిప్పి మూయవలెను. నాలుగు మూసిన వలయములను ఒక తెరచిన వలయమునకు ఎక్కించి దానిని మూసిన ఐదింటి గుంపు ఏర్పడును. నడిమి వలయమునకు ఇరుప్రక్కల రెండేసి చొప్పున వాటిని పరచి, ఒక గుంపు అంచున నుండు రెండు వలయములను ప్రక్క గుంపు అంచున నుండు రెండింటితో వేరొక వలయముచే కూర్పవలెను. ఈ విధముగ సాగినచో అంచులు తప్ప లోపలి ప్రతి వలయమును నాలుగింటితో ముడివడియుండును. అందుచేతనే ఈ అల్లిక వస్త్రమువలె వంగును. ఒకచోట పడిన బరువును చుట్టుప్రక్కల వలయములు పంచుకొనును.

విద్యార్థులారా, ఇచ్చట కొంత గణితము కలదు. ఒక్కొక్క వలయమునకు సుమారు 3 సెంటీమీటర్ల తీగ పట్టును. బాలుని రొమ్మును వీపును కప్పు చేతులులేని కవచమునకు ఇంచుమించు 12,000 వలయములు కావలసివచ్చినవి. అనగా 360 మీటర్ల తీగ. దాని బరువు దాదాపు 2 కిలోలు. ఇనుప తీగయైనచో ఐదున్నర కిలోలకు పైబడియుండెడిది. చేయి తిరిగిన పిదప ఒక్క వలయమును చేర్చుటకు 15 క్షణములు పట్టెను. అనగా గంటకు 240. ఆ లెక్కన అల్లికకే 50 గంటలు. తీగ చుట్టుటకును కత్తిరించుటకును మరి పది గంటలు. ఆరుగురు విద్యార్థులు బడి విడిచిన తరువాత తలకు పది గంటలు పనిచేసి ముగించిరి. నాటకమునాడు కర్ణుడు దానిని తలమీదుగా తీసి ఇంద్రుని దోసిట వేసినప్పుడు అది గలగలమని జారిన శబ్దమునకు సభ నిశ్శబ్దమయ్యెను. ఈసారి ఎవ్వరును నవ్వలేదు.

ఇట్టి పనిని వినోదముగా చేయువారు లోకమున అనేకులు గలరు. అమెరికాలోని బర్క్లీ నగరమున 1966లో మధ్యయుగపు జీవనమును అనుకరించి ఆనందించు సంఘమొకటి వెలసెను. అందలి సభ్యులు కవచములు తామే చేసికొనుటయు, చక్కగ చేయగలవారు తక్కినవారికి అమ్ముటయు కలదు. మన దేశమున డెహ్రాడూనులో 1943లో స్థాపింపబడిన విండ్లాస్ సంస్థ పూర్వకాలపు కత్తులకును కవచములకును ప్రతిరూపములు చేసి విదేశములకు పంపుచున్నది. 2001 మొదలు వరుసగా మూడేండ్లు వెలువడిన ఇంగ్లీషు చలనచిత్రములు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కొరకు న్యూజీలాండు పనివారు ప్లాస్టిక్ గొట్టములను వలయములుగ కోసి, కోటికి పైగా వలయములను చేతితోనే కూర్చిరి. యంత్రములు పెరిగిన ఈ కాలమునను ఈ పని చేతిని విడువలేదు.

ఇప్పుడు మా పొరపాటు చెప్పుదుము. నాటకము చూచిన ఒక కళాభిమాని ఆ కవచమును తమ బృందమునకు కొందునని అడిగెను. మేము సంతోషించి, తీగకైన ఖర్చు 1,200 రూపాయలని చీటీ వ్రాసి, అంతకే ఇచ్చివేసితిమి. పిల్లల పనికి గుర్తింపు వచ్చెనుగదా అని మురిసితిమి. నాలుగవనాడు, మమ్మల్ని మొదట ప్రశ్నించిన ఆ విద్యార్థి తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయన విశ్వకర్మ కులజుడు. దేవాలయములకు వెండి తొడుగులు చేయువాడు. కుమారుడు శ్రావణము పట్టకుండ ఉద్యోగస్థుడు కావలెనని బడికి పంపినవాడు. కోపముతో వచ్చెనని మేము తలచితిమి. ఆయన చీటీని మాత్రము చూపి నెమ్మదిగా ఇట్లనెను:

"అయ్యవారూ, అమ్మవారికి కవచం చేసినప్పుడు వెండి తూకం వేరు, తరుగు వేరు, మజూరీ వేరు అని రాసిస్తానండి. మీ చీటీలో మజూరీ ఏదండీ? చేతిపనికి వెల లేదనేగదా మా వాణ్ణి బడికి పంపింది. బడిలోనూ అదే చెబితే ఎట్లాగండీ?"

మాకు సమాధానము తోచలేదు. జార్జి టౌనులో ఇన్నేండ్లుగ పాఠము చెప్పుచు, కవచములు చేయు మనిషి మా విద్యార్థి యింటనే గలడని మేమెరుగమైతిమి. నిజమైన కవచము ఎట్లుండునని ఆ బాలుడడిగినపుడు, వాని తండ్రిని పిలిచి అడుగవలెనని మాకు తోచలేదు. క్షమింపుమని కోరి, తమ పనిని పిల్లలకు చూపుడని వేడుకొంటిమి. ఆ శనివారము ఆయన వచ్చి, రేకును లక్కపై పరచి, వెనుకనుండి ఉలులతో సాగగొట్టి, ముందువైపున పువ్వు తేలుట చూపెను. ఆయన కుమారుడు ప్రక్కన నిలిచి ఒక్కొక్క పనిముట్టును పేరు చెప్పి అందించెను. ఆ పేర్లలో సగము మాకును క్రొత్తవే.

పిదప ఆయన ఎదుటనే లెక్క తిరిగి వేసితిమి. తీగ, తరుగుతో కూడ 1,200 రూపాయలు. పనిముట్ల అరుగుదలకు 300. 60 గంటల పనికి, లెక్క కొరకు గంటకు 100 రూపాయలనుకొన్నను 6,000. మొత్తము 7,500. మేము పిల్లల అరువది గంటలను సున్నగా లెక్కించితిమి. కర్ణుడు తన కవచమును ఎరిగి దానము చేసెను. మేము ఎరుగక చేసితిమి. దానమునకును అజ్ఞానమునకును భేదము కలదు.

రెండవ కవచమును 7,500 రూపాయలని వ్రాసి ఉంచితిమి. కొనువారు వెంటనే రాలేదు. ఇదియు పాఠమే; న్యాయమైన వెల చెప్పినంతమాత్రమున కొనువాడు దొరకడు. అప్పుడు పిల్లలే ఆలోచించి, 400 వలయములతో ముంజేతి పట్టీలు అల్లిరి. ఒక్కొక్కదానికి రెండు గంటల లోపు పని. 250 రూపాయలకు పెట్టగా పదునొకండు అమ్ముడుపోయెను. పెద్ద పని పేరు తెచ్చును. చిన్న పని పెట్టుబడి తెచ్చును. ఆ సొమ్ముతో మరల తీగ కొని, మిగిలినది పనిచేసినవారు సమముగ పంచుకొనిరి.

అమ్మువారు సత్యమును చెప్పవలెను. పూర్వపు యుద్ధకవచములలో వలయపు కొనలను చదునుచేసి, ఒకదానిపై నొకటి పెట్టి, చిన్న మేకుతో బిగించెడివారు. మా వలయముల కొనలు కేవలము తాకియుండును. గట్టి దెబ్బకు తెరచుకొనును. కావున ప్రతి వస్తువుతోను "ఇది నాటకమునకు, అలంకారమునకు మాత్రమే" అను చీటీ జతచేసితిమి. అల్యూమినియము మొదట బట్టలకు నలుపు అంటించును గాన సబ్బునీట కడిగి ఆరబెట్టి యిచ్చితిమి. ఇనుప తీగతో చేయదలచువారు యశదము పూసిన తీగను నిప్పున కాల్చరాదు. దాని పొగ అపాయకరము.

తలిదండ్రులకు ఒక్క మనవి. ఇది చదువునకు పోటీ కాదు, కూలిపనియు కాదు. పదునాలుగేండ్లు నిండనివారిని కూలికి పెట్టుట చట్టమే నిషేధించినది. కాని వేళ మిగిలినప్పుడు ఒక వస్తువును మొదటినుండి చివరివరకు చేసి, దాని వెలను తానే లెక్కకట్టి, ఆ వెలను సంకోచము లేక నోట చెప్పగల బాలుడు ఏ ఉద్యోగమున ప్రవేశించినను మోసపోడు, మోసగింపడు. మీలో చేతిపని ఎరిగినవారు సంకోచింపక పాఠశాలకు రండు. మీ పనిముట్ల పేర్లను తెలుగున మా పిల్లలకు చెప్పుడు.

విద్యార్థులారా, మీరు ఏ వస్తువు చేసినను చీటీ వ్రాయునప్పుడు తూకము, తరుగు, మజూరీ అని మూడు వరుసలు వ్రాయుడు. మూడవ వరుసను ఖాళీగా విడువకుడు.