ఫలజు నీరును అనుదిన పఠనమును

ఒమాను దేశములో ఏడాది పొడుగునను పారు నది యొక్కటియు లేదు. వర్షము బహు స్వల్పము. అయినను నిజ్వా మొదలగు ఊళ్లలో ఖర్జూరపు తోటలు పచ్చగా నుండును. వానిని బ్రదికించునది ఫలజు అను కాలువ. కొండ దిగువను తల్లిబావి యనబడు లోతైన బావిని త్రవ్వి, అచ్చటినుండి నేల లోపల సొరంగము చేసి, కొలది వాలుచేతనే నీటిని ఊరికి చేర్చెదరు. ఇట్టివియు ఇతర విధములైనవియు కలిసి నేటికిని దాదాపు 3000 ఫలజులు పారుచున్నవి. నిజ్వాలోని దారిసు ఫలజుతో కూడ 5 కాలువలను 2006లో యునెస్కో సంస్థ లోక వారసత్వ సంపదలుగా నెంచెను.

ఈ నీటిని ఎవరును తమ యిష్టానుసారముగా వాడరు. మొదట త్రాగుటకు, తరువాత తోటలకు. ప్రతి తోటకును గంటల లెక్కను వంతు కలదు. పూర్వము పగలు నీడను, రాత్రి నక్షత్రములను చూచి ఆ వంతును కొలిచెడివారు. నీరు కొంచెమే, వంతు తప్పదు గనుక చెట్టు ఎండదు. ఒక దినమున వెల్లువ పారించి నెల దినములు మానినయెడల ఏ తోట నిలుచును? తోటపనివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. దైవగ్రంథ పఠనమును ఇట్టిదే.

గోదావరి, కడప సీమలనుండి అనేకులు కూలిపనికిని ఇంటిపనికిని గల్ఫు దేశములకు పోయియున్నారు. ఒమానులోను తెలుగువారు కలరు. మస్కటు పట్టణపు రువీ భాగమున సుల్తాను కాబూసుగారు దయచేసిన స్థలములో క్రైస్తవ దేవాలయములు కలవు. శుక్రవారము సెలవు గనుక ఆ దినమున పలు భాషలవారు అచ్చట ఆరాధనకు కూడుదురు. తక్కిన 6 దినముల మాటయేమి? ఇంటిపని చేయు స్త్రీకి శుక్రవారమైనను గడప దాటుట కుదరకపోవచ్చును. అట్టివారికి సంఘమైనను బోధకుడైనను పెట్టెలోని పుస్తకమే.

తెలుగు క్రైస్తవ గృహములలో ‘ఎడారిలో సెలయేర్లు’ అను పుస్తకము మిక్కిలి ప్రసిద్ధము. దాని మూలమును లెట్టీ కౌమన్ దొరసానిగారు 1925లో ప్రకటించిరి. ఆమెయు భర్తయైన చార్లెసుగారును 1901లో అమెరికానుండి జపానుకు మిషనెరీలుగా పోయిరి. ఆయన గుండెజబ్బుచేత పని మాని, బహుకాలము బాధపడి 1924లో నిద్రించిరి. ఆ దినములలో తమ్మును ఆదరించిన మాటలను ఆమె కూర్చి, దినమున కొక భాగముగా ఏర్పరచిరి. కాబట్టి అది తీరికగలవారు తీరికగలవారికి వ్రాసినది కాదు. రోగి పడక ప్రక్కను పుట్టినది.

తేదీలుగల పుస్తకమువలన మరియొక మేలు కలదు. తండ్రి ఒమానులోను, తల్లియు బిడ్డలును స్వగ్రామములోను ఉన్నను ఒకే పుటను చదువవచ్చును. ఇండియాలో ఉదయము 6 గంటలైనప్పుడు మస్కటులో 4.30 గంటలు. సముద్రము నడుమ నున్నను ఆ కుటుంబము ఒక్క బల్లయొద్ద కూర్చున్నట్లే.

అయితే కాలువ తల్లిబావి కాదు. అనుదిన ధ్యాన పుస్తకము కాలువ, లేఖనమే ఊట. పుట పైనున్న వాక్యమును మాత్రము చదివి ముగింపక, బైబిలు తెరచి ఆ అధ్యాయమంతయు చదువవలెను. ఈ మాట ఎవరు పలికిరి? ఎవరితో, ఏ కష్టములో పలికిరి? నేడు నేను చేయవలసినదేమి? ఈ ప్రశ్నలు వేసికొని ఒక్క సంగతినైనను కాగితముమీద వ్రాసికొనుట మంచిది. బెరయ పట్టణస్థులు పౌలు బోధనుసహితము ప్రతిదినము లేఖనములతో సరిచూచిరి గదా.

చదువు రానివారు దిగులుపడనక్కరలేదు. 1896లో మస్కటు మిషనులో పీటరు జ్వేమరు దొరగారు బానిసల ఓడలనుండి విడిపింపబడిన 18 మంది బాలురను చేర్చుకొని వారికి పాఠశాల నడిపిరి. ఊరును అయినవారిని పోగొట్టుకొనిన పిల్లలే అక్షరములు నేర్చుకొనగా, మన యింటి పిల్లవాడు తల్లికి ఒక పుట చదివి వినిపింపలేడా? వినుటయు పఠనమే.

ఫలజులో ఒండ్రు చేరినయెడల ఎవరైన దిగి తీయవలెను; లేనిచో నీరు ఆగును. అలసట, కల్లు, వ్యర్థపు మాటలు మన కాలువలోని ఒండ్రు. ప్రియ చదువరులారా, మన్నాను ఇశ్రాయేలీయులు ఏ దినమునకు ఆ దినమే కూర్చుకొనిరి. నేటి వంతును నేడే తీసికొనుడి.