గోల్ఫ్ మైదానాన్ని దేన్నిబట్టి మెచ్చుకోవాలి?

శివకాశి, కోవిల్‌పట్టి వైపున్న మనవాళ్లలో ఎవరికైనా గోల్ఫ్ మీద మనసైతే కొండెక్కాల్సిందే. అగ్గిపెట్టెలకూ బాణసంచాకూ కలిసొచ్చిన ఈ పొడిగాలి, అరకొర వాన పచ్చికకు గిట్టవు. పైన కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్ 1895 నుంచి ఉంది. వెళ్లొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే "పచ్చగా, చల్లగా భలే ఉంది" అంటారు. అది కొండ గొప్ప. మైదానం సంగతి వేరు.

శివకాశి ప్రెస్సులో క్యాలెండర్ షీటు బయటికి రాగానే లక్ష్మీదేవి కళకళలాడుతోందా అని మాత్రమే చూసి ఊరుకోరు. భూతద్దం పెట్టి నాలుగు రంగులూ ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చున్నాయా అని చూస్తారు. గోల్ఫ్‌లో ఆ భూతద్దం పెట్టాల్సిన చోటు గ్రీన్, అంటే హోల్ చుట్టూ పచ్చికను నున్నగా కత్తిరించిన భాగం.

గ్రీన్ వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ ఉంది. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ 1935లో దీన్ని తయారుచేశాడు. గాడి ఉన్న 36 అంగుళాల బద్ద, అంతే. బంతిని గంటులో పెట్టి బద్ద కొసను మెల్లగా పైకెత్తితే, ఒక వాలుకు రాగానే బంతి దానంతటదే జారుతుంది. చదునైన చోట ఎన్ని అడుగులు దొర్లిందో కొలిచి, మళ్లీ ఎదురు దిశలో కొలిచి సగటు తీస్తారు. అంకె పెద్దదైతే గొప్ప అనుకోకండి. ఏటవాలు గ్రీన్ మరీ వేగంగా ఉంటే బంతి ఎక్కడా నిలవదు. మొదటి గ్రీన్‌కూ పద్దెనిమిదో దానికీ వేగం ఒకేలా ఉందా అన్నదే అసలు పరీక్ష.

ఆ తర్వాత దారులు చూడాలి. గ్రీన్ ముందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇసుక బంకర్ తవ్వేస్తే, బలంగా కొట్టగలవాడు దాటేస్తాడు, మిగతావాళ్లు కూరుకుపోతారు. అదే బంకర్ ఓ పక్కకు ఉంటే, ఒక దెబ్బ ఎక్కువైనా, బలం లేనివాడికీ చుట్టుదారి దొరుకుతుంది. తెగించాలా తగ్గాలా అని ఆలోచింపజేసే మైదానానికే నా ఓటు. స్లోప్ రేటింగ్ చూసి మురిసిపోయేవాళ్లున్నారు. 55 నుంచి 155 వరకు ఉండే ఆ అంకెలో 113 ప్రామాణికం. నేర్పరి కంటే మామూలు ఆటగాడికి ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. నాణ్యతకు వేసిన మార్కులు కావవి.

కొడైలో ఇంకో తిరకాసు: సుమారు ఏడు వేల అడుగుల ఎత్తు, గాలి పలచన. బంతి కిందకంటే దూరం పోతుంది. ఆ ఘనత మీ చేతిదనుకోకండి. పైగా అడవిదున్నలు వచ్చి మేసిపోతుంటాయి. 2019లో నిబంధనలు మారినప్పటి నుంచి గ్రీన్ మీద గిట్టల గుంటలు సరిచేసుకోవచ్చు. ఫెయిర్‌వేలో, అంటే గ్రీన్ దాకా పచ్చిక కత్తిరించిన దారిలో, బంతి గిట్టగుంటలో పడితే, స్థానిక నిబంధన లేకుంటే, పెనాల్టీ వద్దనుకునేవాళ్లు ఉన్నచోటి నుంచే కొట్టాలి. దానికి నేను మైదానానికి మార్కులు కొయ్యను. ప్రతి హోల్ దగ్గరా ముందు గుంపు కోసం కాళ్లు పీకేలా నిలబెడితే మాత్రం కోస్తాను, క్లబ్బులో కాఫీ ఎంత బాగున్నా సరే.