తొలి మోటారు సైకిలు: శక్తి ఎంత? అదుపు ఎంత?

నర్సీపట్నం మైదానమునకు, మన్యమునకు నడుమ గడప వంటి ఊరు. ఒక ప్రక్క తుని, అనకాపల్లి వైపు దారులు. మరొక ప్రక్క చింతపల్లి వైపు కొండ నెక్కే ఘాటు రోడ్డు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం మండలముల పల్లెల నుండి చదువులకు, కొలువులకు, దుకాణములలో పనులకు ప్రతి ఉదయము ఎందరో ఈ పట్టణము చేరుతూ ఉంటారు. బస్సు వేళ, పని వేళ ఒకటి కానప్పుడు ఇంట మోటారు సైకిలు మాట వస్తుంది.

మాట వచ్చిన ఇంట నాలుగు సలహాలు పుడతాయి. స్నేహితులు 150 సి.సి. బండికి తక్కువది కొనవద్దంటారు. తండ్రి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడుగుతాడు. దుకాణదారు నెలసరి వాయిదా ఎంతో చెబుతాడు. తల్లి మాత్రము, “మెల్లగా పోయే బండి చూడండి” అంటుంది. ఈ సలహాలలో దేనికి ఎంత విలువ ఇవ్వవలెనో ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రము చెప్పగలదు.

సి.సి. అనగా ఏమి?

సి.సి. అనగా ఘనపు సెంటీమీటరు. ఇంజనులోని పిస్టను సిలిండరులో ఒక కొస నుండి మరొక కొసకు జరిగినప్పుడు ఊడ్చివేసే ఘనపరిమాణమును ఈ అంకె తెలుపుతుంది. 1994లో వచ్చిన స్ప్లెండర్ బండిని ఉదాహరణగా తీసికొనవచ్చును. దాని సిలిండరు వ్యాసము 50 మిల్లీమీటర్లు. పిస్టను జరిగే దూరము 49.5 మిల్లీమీటర్లు. స్తూపపు ఘనపరిమాణ సూత్రము ప్రకారము 3.1416 × 2.5 × 2.5 × 4.95 = 97.2 ఘనపు సెంటీమీటర్లు. వాడుకలో నూరు సి.సి. బండి అనేది ఇదే. ఇటువంటి ఇంజను ఇచ్చే గరిష్ఠ శక్తి దాదాపు 8 అశ్వశక్తులు.

ఎంత శక్తి కావలెను?

బండి 115 కిలోలు, నడిపేవాడు 65 కిలోలు అనుకొంటే మొత్తము 180 కిలోలు. చదునైన దారిపై ఈ బండిని రెండు బలములు వెనుకకు లాగుతాయి. మొదటిది చక్రముల దొర్లుడు ఘర్షణ. ఇది సుమారు 35 న్యూటన్లు. రెండవది గాలి నిరోధము. ఇది వేగపు వర్గముతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున సుమారు 45 న్యూటన్లు, 60 కిలోమీటర్ల వేగమున 100 న్యూటన్లు. కనుక 60 కిలోమీటర్ల వేగమున మొత్తము 135 న్యూటన్ల బలమును ఎదుర్కొనవలెను. బలమును వేగముచే గుణించగా వచ్చే శక్తి సుమారు 2,250 వాట్లు, అనగా మూడు అశ్వశక్తులు మాత్రమే.

కొండ దారి మాట ఏమి? పన్నెండు మీటర్లు సాగితే ఒక మీటరు లేచే వాలు, బండిపై ఇద్దరు మనుషులు, గంటకు 30 కిలోమీటర్ల వేగము అనుకొందాము. వాలు వలన సుమారు 200 న్యూటన్లు, తక్కిన రెండు నిరోధములు కలిసి మరి 73 న్యూటన్లు. కావలసిన శక్తి మరల మూడు అశ్వశక్తులే! గొలుసులోను, గేర్లలోను కొంత నష్టమైనను నూరు సి.సి. ఇంజనుకు ఈ పని భారము కాదు. అయితే గేరు తగ్గించవలెను. తక్కువ గేరులో ఇంజను ఎక్కువ మార్లు తిరిగితే చక్రము తక్కువ మార్లు తిరుగుతుంది. వేగము తగ్గిన మేరకు త్రిప్పే బలము హెచ్చుతుంది. పొడుగు గునపముతో పెద్ద బండను లేపుట వంటిదే ఇది.

తండ్రి ప్రశ్నకు కూడ ఇందులోనే జవాబున్నది. బండిని నెట్టుటకు 40 కిలోమీటర్ల వేగమున 80 న్యూటన్లు చాలగా, 60 కిలోమీటర్ల వేగమున 135 కావలెను. కాబట్టి లీటరు పెట్రోలుతో సాగే దూరము బండి తయారుచేసినవారిపైనే గాక, నడిపేవాని చేతిపై కూడ ఆధారపడి ఉన్నది.

ఆపుట అసలు పరీక్ష

పరుగెత్తుటకు మూడు అశ్వశక్తులు చాలుననుట తేలినది. నేర్చుకొనేవానికి ఆపుట అంతకంటె ముఖ్యము. గేదె దారికి అడ్డము వచ్చినది. దానిని చూచి చేయి బ్రేకును నొక్కుటకు క్రొత్తవానికి ఒక సెకను పట్టుననుకొందాము. 40 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. పొడి రోడ్డుపై బ్రేకు పట్టిన తరువాత మరి 12 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తము 23 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమున ఇది 44 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లు కాగా దూరము దాదాపు రెండు రెట్లయినది. గతిశక్తి వేగపు వర్గముతో పెరుగుటయే ఇందుకు కారణము. వానకు తడిసిన రోడ్డుపై ఘర్షణ తగ్గి, ఈ 44 మీటర్లు 63 వరకు కావచ్చును.

ముందు బ్రేకు పట్టితే తలక్రిందులవుదుమను భయము క్రొత్తవారిలో మెండు. కాని బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రము మీదికి ఒరుగుతుంది. నిలిచి ఉన్నప్పుడు రెండు చక్రముల మీద చెరి సగముగా ఉన్న బరువు, గట్టిగా ఆపునప్పుడు ముందు చక్రము మీద ముప్పాతిక వరకు చేరుతుంది. బరువున్న చోటనే పట్టు ఉంటుంది. వెనుక బ్రేకునే నమ్మినవాడు పట్టులేని చక్రమును పట్టి జారిపోతాడు. రెండింటిని కలిపి, క్రమముగా నొక్కవలెను. ఈ కారణముననే 2019 ఏప్రిల్ 1 నుండి మన దేశములో అమ్మే 125 సి.సి. వరకు గల బండ్లలో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రములకు అందే ఏర్పాటును గాని, చక్రము బిగిసిపోకుండ కాపాడే ఎ.బి.ఎస్. ను గాని తప్పనిసరి చేసిరి. 125 సి.సి. దాటిన బండ్లకు ఎ.బి.ఎస్. ఉండవలెను.

బరువు, ఎత్తు

క్రొత్తగా నేర్చేవారు పడేది చాలసార్లు వేగములో కాదు, నిలుపునప్పుడు. బండి పదునైదు డిగ్రీలు ఒరిగినదనుకొందాము. దాని గరిమనాభి నేల నుండి అర మీటరు ఎత్తున, చేతి పిడి ఒక మీటరు ఎత్తున ఉంటే, 115 కిలోల బండిని పడకుండ ఆపుటకు చేతులపై దాదాపు 15 కిలోల బరువు పడుతుంది. 150 కిలోల బండికి ఇది 20 కిలోలకు చేరుతుంది. సన్నని చేతులకు ఈ అయిదు కిలోలే బండి పడుటకు, నిలుచుటకు గల తేడా. అందుచేత దుకాణములో బండిపై కూర్చుండి రెండు పాదములు నేలకు పూర్తిగా ఆనుచున్నవో లేదో చూడవలెను. మునివ్రేళ్లు మాత్రమే ఆనితే ఆ బండి ఎంత అందమైనదైనను అప్పటికి తగినది కాదు. పల్లె దారుల గుంటలకు పెద్ద చక్రము మేలు; చిన్న చక్రము దిగబడే గుంటను పెద్ద చక్రము దొర్లుకొని దాటుతుంది.

కొండ దిగుట

లంబసింగి సముద్రమట్టమునకు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు మంచును చూడ నర్సీపట్నం మీదుగా బండ్లపై పోవువారు ఎందరో. దిగేటప్పుడు 180 కిలోల భారము 800 మీటర్లు క్రిందికి వస్తే వెలువడే శక్తి దాదాపు 14 లక్షల జౌళ్లు. అయిదు లీటర్ల నీటిని మరిగించగల వేడి ఇది! ఇదంతయు బ్రేకులపైనే పడితే అవి కాగి పట్టు తప్పుతాయి. గేరును న్యూట్రలులో ఉంచి, ఇంజను ఆపి దిగుట పెట్రోలు పొదుపు కాదు, ప్రాణముతో చెలగాటము. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే బండిని నిలదొక్కుతుంది. నేర్చుకొనేవారు మైదానములో చేయి కుదిరిన తరువాతనే ఘాటు రోడ్డు ఎక్కుట మంచిది.

తల, చట్టము

తల ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుండి రోడ్డుపై పడి మూడు మిల్లీమీటర్లలో ఆగినదనుకొంటే, దానిపై గురుత్వ త్వరణమునకు 500 రెట్లు తాకిడి కలుగుతుంది. హెల్మెట్టు లోపలి నురుగు పొర 25 మిల్లీమీటర్లు నలిగి ఆపితే అది 60 రెట్లకు దిగుతుంది. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. ఆ యేట హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. బండి ధరలో నుండి హెల్మెట్టు ధరను ముందే తీసి ప్రక్కన పెట్టవలెను. గడ్డము క్రింది పట్టీ బిగించనిదే అది హెల్మెట్టు కాదు.

గేర్లున్న మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. మొదటి లైసెన్సు, అనగా నేర్చుకొనుటకు ఇచ్చే అనుమతి, ఆరు నెలలు చెల్లుతుంది. ఆ కాలములో నేర్పువాడు తప్ప మరొకరు వెనుక కూర్చుండరాదు. వయసు చాలని పిల్లవాడు నేరము చేస్తే, 2019 సవరణ ప్రకారము సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును.

ఇంక కొనుటకు తొందర లేని విద్యార్థులకు ఒక ప్రయోగము. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకొనవలెను. మరొకరు దాని సున్న గుర్తు వద్ద రెండు వ్రేళ్లు తెరచి ఉంచవలెను. చెప్పకుండ స్కేలును వదలితే ఎన్ని సెంటీమీటర్లు జారిన తరువాత పట్టుకొన్నారో చూడవలెను. 20 సెంటీమీటర్లు జారితే ప్రతిస్పందన కాలము 0.2 సెకను. ప్రక్కవారితో మాట్లాడుతూ మరల చేస్తే జారే దూరము పెరుగుట కనబడుతుంది. ఆ పెరిగిన సెంటీమీటర్లు రోడ్డుపై మీటర్లవుతాయి.

ఇప్పుడు నాలుగు సలహాలను మరల చూడవచ్చును. రోజు రాకపోకలకు నూరు సి.సి. శక్తి చాలును. తేలికైన బరువు, పాదములానే ఎత్తు, నమ్మదగిన బ్రేకులు తొలి బండిలో వెదకవలసిన గుణములు. తల్లి అడిగిన మెల్లదనము దుకాణములో దొరకదు. అది నడిపేవాని చేతిలో ఉన్నది.