విదేశాలలో జపాను తేనీటి వేడుక

విదేశాలలో జపాను తేనీటి వేడుక అనగా, జపానులో రూపుదిద్దుకొన్న 'చదో' (తేనీటి మార్గము) అనే సంప్రదాయమును ఆ దేశపు వలసదారులు, ఇతర దేశస్థులు తమ తమ ప్రాంతాలలో అభ్యసించుట, ఇతరులకు నేర్పుట, అతిథులతో పంచుకొనుట. ఈ వేడుకను 'చానోయు' అని కూడా అంటారు. ఆ మాటకు 'తేనీటి కొరకు వేడినీరు' అని అర్థము. 'చ' అనే జపాను పదము, మనము వాడే 'చాయ్' అనే పదము రెండూ చైనా భాష నుండి వచ్చినవే.

చూచుటకు ఇది ఒకరు తేనీరు కలిపి మరొకరికి ఇచ్చుట మాత్రమే. కాని గది, ఋతువు, పాత్రలు, నడక, మాట అన్నింటికీ ఇందులో నియమాలున్నాయి. ఇంతగా ఒక నేలకు కట్టుబడిన సంప్రదాయము సముద్రాలు దాటి ఎట్లు నిలిచింది, దానిలో ఏది మారింది, ఏది మారలేదు అనేది ఈ వ్యాసములోని విషయము.

నేపథ్యము

తేయాకును జపానులో వ్యాప్తి చేసినవారిలో ముఖ్యుడు ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు. ఈయన 1191లో చైనా నుండి తిరిగి వచ్చుచు తేయాకు విత్తనాలను, జెన్ బౌద్ధమును వెంట తెచ్చాడు. 'జెన్' అనే మాటకు మూలము సంస్కృత పదమైన 'ధ్యానము'. అది చైనాలో 'చాన్' గాను, జపానులో 'జెన్' గాను మారింది. ఆరామాలలో నిద్రమత్తు పోగొట్టుటకు త్రాగిన తేనీరు క్రమముగా ఒక సాధనగా పరిణమించింది.

మురాతా జుకో (1423-1502), తకెనో జోఓ (1502-1555) ఈ వేడుకను ఆడంబరము నుండి నిరాడంబరత వైపు మళ్ళించారు. సెన్ నో రిక్యూ (1522-1591) దానికి పూర్తి రూపమిచ్చాడు. సామరస్యము, గౌరవము, శుచి, ప్రశాంతత అనే నాలుగు సూత్రాలను ఆయన పేరుతోనే చెప్పుకొంటారు. పాలకుడైన తొయొతోమి హిదెయోషి ఆజ్ఞ వలన రిక్యూ 1591లో ఆత్మాహుతి చేసుకొన్నాడు. ఆయన వంశీకుల నుండి ఒమొతెసెంకె, ఉరాసెంకె, ముషకోజిసెంకె అనే మూడు ప్రధాన శాఖలు ఏర్పడ్డాయి. విదేశాలలో ఎక్కువగా వ్యాపించినది ఉరాసెంకె శాఖ.

వేడుక స్వరూపము

'తతామి' అనే మందపాటి చాపలు పరచిన చిన్న గదిలో వేడుక జరుగుతుంది. గది ద్వారము వంగి ప్రవేశించవలసినంత చిన్నది. ఎంతటి గొప్పవాడైనా తల వంచియే లోనికి రావలెనని దీని భావము. గదిలో ఒక చేవ్రాత పటము, ఆ ఋతువుకు తగిన పూవు ఉంటాయి. అతిథికి ముందుగా తీపి పదార్థము ఇస్తారు. ఆతిథేయి పాత్రలను అందరి ఎదుట తుడిచి, మెత్తని పచ్చని తేయాకు పొడిని (మచ్చా) పాత్రలో వేసి, వేడినీరు పోసి, వెదురు కవ్వముతో చిలికి అందిస్తాడు. ఇందులో పాలు, పంచదార కలుపరు. అతిథి త్రాగబోయే ముందు ప్రక్కవారికి 'మీకంటె ముందుగా త్రాగుచున్నాను, మన్నించండి' అన్న అర్థము వచ్చే మాట చెప్పి నమస్కరిస్తాడు. పాత్రకు అందమైన వైపు తన పెదవి తగలకుండా దానిని కొద్దిగా త్రిప్పి త్రాగుతాడు.

భోజనముతో కూడిన పూర్తి వేడుకకు సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఇవే మనుషులు మరల కలిసినను ఈ కలయిక మాత్రము తిరిగి రాదు అనే భావన దీనికి ప్రాణము.

దేశాంతర వ్యాప్తి

విదేశీయుల కొరకు వేడుకలో చేసిన తొలి పెద్ద మార్పు జపానులోనే జరిగింది. 1872లో క్యోటో నగరములో జరిగిన ప్రదర్శనకు విదేశీయులు కూడా వచ్చారు. మోకాళ్ళు మడిచి క్రింద కూర్చొనుట వారికి కష్టము. అందుచేత ఉరాసెంకె 11వ పీఠాధిపతి గెంగెన్‌సాయి బల్ల, పీటల మీద కూర్చొని చేసే 'ర్యూరేయి' పద్ధతిని రూపొందించాడు. నేడు విదేశాలలో బహిరంగ ప్రదర్శనలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే జరుగుతాయి.

1906లో ఒకకురా కకుజో ఆంగ్లములో వ్రాసిన 'తేనీటి పుస్తకము' న్యూయార్కులో వెలువడి, ఈ సంప్రదాయమును పాశ్చాత్య పాఠకులకు పరిచయము చేసింది.

మరొక వైపు 1885 నుండి హవాయికి, 1908 నుండి బ్రెజిలుకు జపాను కూలీలు ఒప్పందాలపై తరలి వెళ్ళారు. చెరకు, కాఫీ తోటలలో పనిచేసిన ఈ కుటుంబాలు స్థిరపడిన తరువాత సంఘాలు, బడులు, గుడులు ఏర్పరచుకొన్నాయి. తేనీటి వేడుక, పూల అమరిక వంటి విద్యలు వాటి ద్వారా పిల్లలకు అందాయి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో 1942 నుండి అమెరికా ప్రభుత్వము సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలలో ఉంచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1894 నాటి జపాను తేనీటి తోటను తరతరాలుగా కాపాడిన హగివారా కుటుంబము కూడా అప్పుడే ఆ తోటను విడిచి వెళ్ళవలసి వచ్చింది. తోట పేరులోని 'జపాను' అనే మాటను తొలగించి, 1952లో గాని మరల చేర్చలేదు. శిబిరాలలో ముళ్ళకంచెల మధ్య కూడా కొందరు తేనీటి పాఠాలు కొనసాగించారు. ప్రశాంతత అనే సూత్రమునకు అంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

సెన్ గెన్‌షిత్సు కృషి

యుద్ధానంతరము ఈ వేడుకను ప్రపంచమంతటా వ్యాప్తి చేసినవాడు ఉరాసెంకె 15వ పీఠాధిపతి సెన్ గెన్‌షిత్సు (1923-2025). యుద్ధములో ఈయన నౌకాదళపు ఆత్మాహుతి విమాన దళములో శిక్షణ పొందాడు. మరణమునకు సిద్ధమైన సహచరులకు తేనీరు కలిపి ఇచ్చాడు. తాను ప్రాణాలతో మిగిలాడు. 1951లో, తన దేశమును ఓడించిన అమెరికాకే వెళ్ళి తేనీటి విద్యను బోధించుట ఆరంభించాడు. 1964లో పీఠాధిపతి అయ్యాడు. ఒక పాత్ర తేనీటిని పంచుకొనుట ద్వారా శాంతి సాధ్యమనేది ఆయన జీవితకాల బోధ. అరవైకి పైగా దేశాలు పర్యటించాడు. విదేశీ విద్యార్థులకు క్యోటోలోనే శిక్షణనిచ్చే 'మిదోరికాయ్' కార్యక్రమము ఆయన కాలములో 1970లో మొదలైంది. 2011లో పెర్ల్ హార్బరు వద్ద, జపాను దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌక స్మారకముపై మృతుల స్మృతికి తేనీటిని సమర్పించాడు. 2025 ఆగస్టు 14న 102 సంవత్సరాల వయసులో మరణించాడు.

విదేశాలలో వచ్చిన మార్పులు

* నిప్పు: బొగ్గుల పొయ్యికి అనుమతి లేని భవనాలలో విద్యుత్తు పొయ్యి వాడుతారు. ఇంటిలో చేయుటకు పళ్ళెము మీద సాగే సులభ పద్ధతి, ప్రయాణములో చేయుటకు చిన్న పెట్టెలో పాత్రలన్నీ ఇమిడే పద్ధతి ఉన్నాయి.
* ఋతువు: జపానులో నవంబరు నుండి ఏప్రిల్ వరకు నేలలో అమర్చిన పొయ్యి, మిగిలిన నెలలలో కదిలించగల పొయ్యి వాడుతారు. బ్రెజిలు, ఆస్ట్రేలియా వంటి దక్షిణార్ధగోళ దేశాలలో నవంబరు నాటికి వేసవి సమీపిస్తుంది. పంచాంగమును అనుసరించవలెనా, వాతావరణమునా అనే ప్రశ్న అక్కడ సహజముగా వస్తుంది.
* పూలు, తీపి: స్థానికముగా దొరికే పూలు, దినుసులు వాడుట తప్పు కాదు. ఆ చోటి ఋతువును చూపుటయే సూత్రము కనుక ఈ మార్పు సంప్రదాయమునకు అనుగుణమైనదే.
* పాత్ర: చిక్కని తేనీటిని ఒకే పాత్ర నుండి అందరూ త్రాగుట ఆచారము. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఎవరి పాత్ర వారికి ఇచ్చే పద్ధతిని పలుచోట్ల అనుసరించారు.

మారనిది గురుశిష్య సంబంధము. విద్యార్థి మొదట తేనీరు కలుపడు. కూర్చొనుట, లేచుట, నమస్కరించుట, పట్టుగుడ్డ మడచుట, పాత్ర తుడుచుట నేర్చుకొంటాడు. అతిథిగా ఉండుట కూడా ఒక పాఠమే. ఇవి పుస్తకము చూచి నేర్చునవి కావు, గురువు ఎదుట పలుమార్లు చేసి నేర్చునవి.

భారతదేశముతో సంబంధము

ఒకకురా 1902 జనవరిలో బేలూరు మఠములో స్వామి వివేకానందుని కలిసి, ఆయనతో కలిసి బుద్ధగయను దర్శించాడు. కలకత్తాలో ఠాగూరు కుటుంబముతో ఆయనకు గాఢమైన మైత్రి ఏర్పడింది. 1916లో జపాను వెళ్ళిన రవీంద్రనాథ ఠాగూరు తన యాత్రారచన 'జపాన్ యాత్రి'లో తేనీటి వేడుకను వర్ణించాడు. అతిథిని దైవముగా భావించే మన సంప్రదాయమునకు ఇది దగ్గరగా ఉన్నను ఒక భేదము ఉన్నది. ఇక్కడ అతిథికి కూడా ఆతిథేయితో సమానముగా నేర్చుకొనవలసిన విధులున్నాయి.

సమస్యలు, విమర్శలు

అభ్యాసములో ఒక్కొక్క మెట్టుకు జపానులోని పీఠము నుండి అనుమతి పత్రము పొందవలెను. దానికి రుసుము ఉంటుంది. పాత్రలు, దుస్తులు కూడా ఖరీదైనవి. నిరాడంబరత బోధించే విద్యకు ఇంత వ్యయము తగునా అనే విమర్శ జపానులోను, బయట కూడా ఉన్నది. పర్యాటకుల కొరకు కొద్ది నిమిషాలలో ముగించే ప్రదర్శనలు వేడుకను వినోదముగా మార్చుచున్నాయని కొందరి ఆవేదన. ఆ కొద్ది నిమిషాలే కొందరిని అభ్యాసము వైపు త్రిప్పుతాయని మరికొందరి వాదన.

జపానులో ఈ విద్య నేర్చేవారి సంఖ్య తగ్గుచున్నది. ఈ స్థితిలో జపాను సంతతి కాని గురువులు, శిష్యులు విదేశాలలో దీనిని కొనసాగించుట సంప్రదాయ రక్షణలో భాగమైంది. ఏ విద్యయైనా పుట్టినచోటనే కాక, శ్రద్ధతో అభ్యసించేవారు ఉన్నచోటనెల్ల నిలుస్తుందనుటకు ఇది ఒక ఉదాహరణ.