నిలువు కాక్టస్‌కు ఏ కిటికీ?

హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ నిమిషంలో నీడే ఉండదు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న 86 రోజులూ పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా సూర్యుడు ఉత్తరపు వైపే నడుస్తాడు. అంటే దాదాపు మూడు నెలలు దక్షిణం కిటికీలో నేరుగా ఎండ పడదు. తిరుపతిలో ఆ గడువు ఇంకా ఎక్కువ, సుమారు 110 రోజులు.

స్తంభంలా నిలువుగా పెరిగే కాక్టస్‌ను ఇంట్లో పెట్టుకోవాలనుకునేవారు మొదట చూసుకోవాల్సిన లెక్క ఇదే. ఇంగ్లిషు తోటపని పుస్తకాల్లో ‘దక్షిణం కిటికీలో పెట్టండి’ అనే మాట తరచూ కనిపిస్తుంది. అది కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న దేశాల కోసం రాసిన సలహా. లండన్‌లోనూ డల్లాస్‌లోనూ ఏడాది పొడవునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానే ఉంటాడు కాబట్టి అక్కడి మనవాళ్లు నిక్షేపంగా పాటించవచ్చు. మనకు అది చలికాలపు సలహా మాత్రమే. డిసెంబరు చివర హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు. అడ్డంగా సజ్జ లేకపోతే నాలుగడుగుల కిటికీలోంచి, గట్టు ఎత్తున చూస్తే, మూడున్నర అడుగుల లోపలి దాకా ఎండ వస్తుంది. ఏడాదంతా ఒకేచోట ఉంచాలంటే తూర్పు కిటికీయో పడమటి బాల్కనీయో మేలు.

ఇంతకీ అంత ఎండ ఎందుకు? ఆరుబయట నిండు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో రెండు మూడు వందల లక్స్ ఉంటే గొప్ప. మన కంటిపాప సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. వెలుతురు చాలని కాక్టస్‌ను కిందినుంచి పైకి చూడండి. కింద చేతిమణికట్టంత లావున్న కాండం కొసకు వచ్చేసరికి వేలంత సన్నబడి, లేత పసుపుపచ్చగా సాగి ఉంటుంది. అది ఎదుగుదల కాదు, ఆకలి. తర్వాత ఎండలో పెట్టినా ఆ సన్నబడ్డ భాగం మళ్లీ లావెక్కదు. దాన్ని కోసేయడమే మార్గం. అలాగని నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా మే నెల మేడ మీదికి ఎక్కిస్తే చర్మం కాలి గోధుమరంగు మచ్చలు పడతాయి, అవీ పోవు. ఉదయపు ఎండతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో అలవాటు చేయాలి.

ఇక నీళ్లు. వరి లాంటి మొక్క ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడానికి 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా వదిలేస్తుంది. కాక్టస్ తన రంధ్రాలను రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది కాబట్టి 50 నుంచి 100 గ్రాములతో సరిపెట్టుకుంటుంది. అలాంటి మొక్కకు ‘పది రోజులకొకసారి’ అని ముహూర్తం పెట్టి నీళ్లు పోస్తే లాభం లేదు. ఓ అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడిమట్టి అంటుకుంటే ఆ రోజుకు నీళ్లు వద్దు. పొడిగా వస్తే అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి.

వానను చూసి మాత్రం మరీ బెదిరిపోనక్కర్లేదు. మన నర్సరీల్లో దొరికే నిలువు కాక్టస్‌లలో ఎక్కువగా కనిపించేది సెరియస్ జాతి. అందులో సెరియస్ రెపాండస్ కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ దీవిలో 10 మీటర్ల దాకా పెరుగుతుంది, దాని కాండంతో అక్కడివాళ్లు సూప్ కూడా కాస్తారు. ఆ దీవి ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు, దాదాపు మన అనంతపురమంత. మొక్కను చంపేది వాన కాదు, వేళ్ల దగ్గర నిలిచిన తడి.

అందుకే కుండీ కొలత ముఖ్యం. 12 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీలో సుమారు 1.4 లీటర్ల మట్టి పడుతుంది. 20 సెంటీమీటర్లదైతే 6.3 లీటర్లు. ‘పెద్దదైతే బాగా పెరుగుతుంది కదా’ అనుకుని మార్చేవాళ్లు నాలుగున్నర రెట్ల తడిమట్టిని అవే నాలుగు వేళ్లకు అప్పగిస్తున్నారన్నమాట. కాండం కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు వెడల్పుంటే చాలు. మట్టిలో సగం దాకా ముతక ఇసుక, పెర్లైట్, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు ఉండాలి.

మొదలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే కుళ్లు మొదలైనట్టే. పైనుంచి మంచి భాగాన్ని కోయండి. కోతలో ఒక్క గోధుమ చుక్క కనిపించినా కత్తి తుడిచి ఇంకో బిళ్ల కోయాలి. ముక్కను నీడలో రెండు వారాలు ఆరబెట్టి పొడిమట్టిలో నాటితే వేళ్లు వస్తాయి.

కొనేముందు ముళ్ల కుదురు చూడండి. కాక్టస్ ముళ్లు చిన్న నూగు బొడిపెలోంచి గుత్తిగా వస్తాయి. అది లేకుండా జంటలుగా ముళ్లుంటే, మన పొలంగట్ల బొంతజెముడుకు చుట్టమైన యూఫోర్బియా అయివుండవచ్చు. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు. కంప్యూటర్ పక్కన కాక్టస్ పెడితే రేడియేషన్ పీల్చేస్తుందన్న ప్రచారాన్ని నమ్మకండి. ఆఫీసు బల్ల దానికి దొరికే చోట్లలోకెల్లా చీకటిది.

ఇంట్లో ఏ మూలా రోజుకు కనీసం నాలుగు గంటల ఎండ పడదా? అయితే నిలువు కాక్టస్ కొనకండి. స్నేక్ ప్లాంట్ తెచ్చుకోండి. అదీ నిటారుగానే పెరుగుతుంది, మసక వెలుతురునూ ఓర్చుకుంటుంది.